చీకట్లో చూడగల చేప



మన ప్రభువు తన తొలి శిష్యులను చేపల రేవులో పిలిచాడు. సీమోను పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను నలుగురూ వల పట్టిన చేతులవారే. అందుకే చేపల వేట అనగానే మన మనసు గలిలయ సరస్సు వైపు పోతుంది. ఈ వారం మాత్రం చాలా దూరాన ఉన్న మరొక సరస్సు దగ్గరకు వెళ్ళి వద్దాము. అక్కడ దొరికే ఒక చేప, దాని కోసం మనుషులు ఇంట్లో కూర్చుని చేసుకునే ఎర, శోధన గురించి మనకు ఒక గట్టి పాఠం చెబుతాయి.

అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. దానికి పదివేల సరస్సుల నాడు అని పేరు. వాటిలో పెద్దవాటిలో ఒకటి మిల్ లాక్స్ సరస్సు. విస్తీర్ణం సుమారు 1,30,000 ఎకరాలు. ఆ సరస్సులో వాల్‌ఐ అనే చేపకు ఎంతో గిరాకీ. 1965 నుండి అది ఆ రాష్ట్రపు అధికార మత్స్యం. మన కొరమీనులాగే అది కూడా చిన్న చేపలను వేటాడి తిని బ్రతుకుతుంది.

ఈ చేపకు దేవుడిచ్చిన ప్రత్యేకమైన వరం దాని కన్ను. రాత్రివేళ దీపం వెలుగు పడితే పశువుల కళ్ళు, పిల్లి కళ్ళు ఎలా మెరుస్తాయో మనకు తెలుసు. కంటి వెనుక అద్దంలాంటి ఒక పొర ఉండి, లోపలికి వచ్చిన కొద్దిపాటి వెలుగును మళ్ళీ తిప్పి పంపుతుంది. అందువల్ల మసక వెలుగులో కూడా వాటికి చూపు ఆనుతుంది. వాల్‌ఐ కంటిలోనూ అలాంటి పొర ఉంది. సరస్సులో దానికి ముఖ్యమైన ఆహారం పెర్చ్ అనే చిన్న చేప. దానికి ఆ పొర లేదు. పొద్దు వాలగానే పెర్చ్ చూపు మందగిస్తుంది. వాల్‌ఐ మాత్రం స్పష్టంగా చూస్తూ ఒడ్డు వైపు వేటకు బయలుదేరుతుంది. గాలి లేచి, అలలు కదిలి, నీటి లోపలికి వెలుగు తగ్గితే పగటిపూట కూడా మేతకు వస్తుంది.

ఆ సంగతి గాలం వేసేవాడికి బాగా తెలుసు. అందుకే ఎండ మిటమిటలాడే మధ్యాహ్నం వేళ అతడు తొందరపడడు. సంధ్యవేళ కోసం కాచుకుని ఉంటాడు. అలలు రేగే రోజు కోసం ఎదురు చూస్తాడు. ఆ చేప ఏ వేళ అందరికంటే బలంగా ఉంటుందో ఆ వేళే ఎర వేస్తాడు. ఏ కన్ను దానికి వరమో ఆ కంటి ముందే బొమ్మ చేపను ఆడిస్తాడు. చేప బలం ఉన్న చోటే గాలం పడుతుంది.

ఇక ఎర సంగతి చూద్దాము. అంగళ్ళలో రకరకాల ఎరలు అమ్ముతారు. అయినా చాలామంది తమ ఎరను తామే చేసుకుంటారు. చలికాలంలో సరస్సు గడ్డకట్టి ఉన్న నెలల్లో, రాత్రిపూట ఇంట్లో బల్ల ముందు కూర్చుంటారు. కొందరు సీసం కరగించి అచ్చులో పోసి, గాలపు ముల్లుకు చిన్న తలలా అమర్చి, జింక తోక వెంట్రుకలను దారంతో బిగించి కడతారు. మరికొందరు తేలికైన చెక్కను చేప ఆకారంలో చెక్కి, నున్నగా రుద్ది, దాని మీద పెర్చ్ చేపకు ఉండే పసుపు రంగును, ఆకుపచ్చ చారలను దిద్దుతారు. మూతి దగ్గర నాలుకలాంటి చిన్న పలకను బిగిస్తారు. నీటిలో లాగినప్పుడు ఆ పలక వల్ల బొమ్మ అటూ ఇటూ ఊగుతూ ప్రాణమున్న చేపలా కదులుతుంది.

ఇలా ఇంట్లో చేసిన ఎరలలో లోకమంతా పేరు పొందినది ఫిన్లాండ్ దేశంలో పుట్టింది. లౌరి రపాల అనే బెస్తవాడు పైయన్నె అనే సరస్సు మీద వేట చేస్తూ ఒక సంగతి గమనించాడు. చిన్న చేపల గుంపు మీదికి పెద్ద చేప వచ్చినప్పుడు, అది గుంపులో దేన్నిబడితే దాన్ని పట్టడం లేదు. కుంటుతూ, ఊగుతూ, కాస్త పక్కకు ఒరిగి ఈదుతున్న చేప మీదికే ఉరుకుతోంది. 1936లో అతడు చెప్పులు కుట్టేవారు వాడే కత్తితో బెండును చెక్కి, చాక్లెట్ చుట్టిన మెరుపు కాగితాన్ని దానికి అంటించి, పాత ఫోటో ఫిల్ములను కరగించి పైన పూతగా పూశాడు. అది గాయపడిన చేపలా ఊగేవరకు సరిచేశాడు. 1960 ప్రాంతంలో ఆ ఎరలు మిన్నెసోటాకు వచ్చాయి. 1962లో లైఫ్ అనే పత్రిక వాటి గురించి రాసిన తరువాత అమెరికా అంతటా వాటి పేరు మారుమోగింది.

ఆ బెస్తవాడు తన ఇంటిల్లిపాదినీ పోషించుకోవడానికి కష్టపడిన మనిషి. అతని పని నిజాయితీగల పని. అయితే ఆ పనిలో మనం గుర్తించవలసింది ఒకటి ఉంది. మంచి ఎర చేయాలంటే ముందు చేపను గమనించాలి. అది ఎప్పుడు కదులుతుంది, దేనికి ఆశపడుతుంది, దేన్ని చూసి నమ్ముతుంది అని ఓపికగా నేర్చుకోవాలి. మన ఆత్మలకు శత్రువైన సైతాను కూడా అంత ఓపిక గలవాడే. వాడు అందరికీ ఒకే ఎర వేయడు. నీ కోసం చేసిన ఎర నీకే సరిపోతుంది.

పునీత యాకోబు తన లేఖ మొదటి అధ్యాయంలో, మనిషిని అతని సొంత ఆశే లాగి మరులు గొలుపుతుందని బోధించాడు. ఆయన గ్రీకులో వాడిన మాట ఎర వేసి పట్టడం అనే అర్థం నుండి వచ్చింది. లోపల ఆశ లేనిదే బయటి ఎర పనిచేయదని ఆయన భావం. అయితే ఇక్కడ మనం సాధారణంగా ఒక పొరపాటు పడతాము. శోధన మన బలహీనత దగ్గరే వస్తుందని అనుకుంటాము. తాగేవాడికి సారా, పిసినారికి డబ్బు, అంతే అనుకుంటాము. ఆ రెండూ మనకు లేవు గనుక క్షేమంగా ఉన్నామని ధైర్యపడతాము. వాల్‌ఐ చేప మనకు వేరే సంగతి చెబుతోంది.

సువార్తలో చూడండి. యొర్దాను నది దగ్గర తండ్రి స్వరం యేసును తన ప్రియ కుమారుడని ప్రకటించింది. ఆ తరువాత ఎడారిలో నలువది రోజుల ఉపవాసం ముగిసేసరికి శోధకుడు వచ్చి ఎత్తిన మొదటి మాటే నీవు దేవుని కుమారుడవైతే అని. ఆయన ఆకలిని వాడు చూశాడు, కాని ఎర వేసినది మాత్రం ఆయన కుమారత్వం మీద, ఆయన శక్తి మీద. పేతురును చూడండి. ప్రభువు మీద అతనికి ఎనలేని ప్రేమ. శ్రమలు తప్పవని ప్రభువు చెప్పినప్పుడు అలా జరగకూడదని అడ్డుపడినది ఆ ప్రేమే. ఆ ప్రేమకే ప్రభువు గట్టిగా గద్దించి, వెనుకకు పొమ్మనవలసి వచ్చింది. శిష్యులందరూ పారిపోయిన రాత్రి ప్రధానార్చకుని ముంగిటి దాకా వెళ్ళే గుండె నిబ్బరం కూడా పేతురుకు ఉంది. ఆ ముంగిట, ఆ చీకటిలో, మంట దగ్గర చలి కాచుకుంటూ అతడు మూడుసార్లు బొంకాడు. పిరికివాడికి ఆ శోధన ఎదురే కాలేదు, అతడు అక్కడి దాకా వెళ్ళలేదు గనుక.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాము. ఒక తండ్రిని తీసుకోండి. తాగడు, ఆదివారం పూజ మానడు, పిల్లలంటే ప్రాణం. ఆ ప్రేమే అతని బలం. కూతురి పెళ్ళి నలుగురిలో ఘనంగా చేయాలని, తన స్తోమతకు మించి వడ్డీకి అప్పు తెస్తాడు. పిల్ల కోసమే గదా అంటాడు. తరువాత ఆ వడ్డీ కోసం ఆదివారం కూడా పనికి పోతాడు. విచారణ గురువుకు ఎదురుపడలేక తప్పుకుంటాడు. ఇంట్లో మాటలు తగ్గుతాయి, సాయంత్రం జపమాల ఆగిపోతుంది. అతన్ని పట్టినది దుర్గుణం అనగలమా? పిల్ల మీద ప్రేమ అనే రంగు పూసిన ఎర పట్టింది.

చదువులో చురుకైన కుర్రవాడిని తీసుకోండి. లెక్కల్లో దిట్ట. ఫోనులో డబ్బు పందెపు ఆట కనబడుతుంది. ఇది అదృష్టం మీద ఆధారపడిన ఆట కాదు, తెలివిగలవాడు గెలుస్తాడు అని దాని మీద రాసి ఉంటుంది. మందబుద్ధిగలవాడు దాని జోలికి పోడేమో, ఇతడు పోతాడు. మొదట కొంచెం గెలుస్తాడు. పోగొట్టుకున్నది తిరిగి రాబట్టే తెలివి తనకు ఉందని నమ్ముతాడు. చివరకు అమ్మ దాచుకున్న డబ్బు మీద చేయి వేస్తాడు.

ప్రార్థనలో నిష్ఠగల తల్లిని తీసుకోండి. తపస్సుకాలం ఉపవాసాలు ఒక్కటీ తప్పదు. ఆ నిష్ఠ దేవుడిచ్చిన వరం. అయితే ఉపవాసం చేయని కోడలిని చూసినప్పుడు ఆమె పెదవి విరుస్తుంది. రోజులు గడిచేకొద్దీ భక్తి ఉన్న ఇంట్లో ప్రేమ లేకుండా పోతుంది. ఇక్కడ ఎర పడినది ఆమె భక్తి మీద.

కాబట్టి ఆత్మశోధన చేసుకునేటప్పుడు నా బలహీనత ఏది అని మాత్రమే అడిగితే చాలదు. నాలో మంచిది ఏది, జనం నన్ను దేనికి మెచ్చుకుంటారు, నేను ధీమాగా ఉన్నది ఎక్కడ అని కూడా అడగాలి. వరాన్ని పారవేయమని దీని అర్థం కాదు. కన్ను పోగొట్టుకుంటే వాల్‌ఐ ఆకలితో చస్తుంది. వరమిచ్చిన దేవునికి ఆ వరాన్ని రోజూ తిరిగి అప్పగించాలి. తండ్రి తన ప్రేమను, కుర్రవాడు తన తెలివిని, తల్లి తన భక్తిని ఆయన చేతిలో పెట్టి, ప్రభువా, ఇది నీది, దీనిని నీవే నడిపించు అనాలి. ఎడారిలో క్రీస్తునాథుడు చేసినది ఇదే. తన శక్తిని తన కోసం వాడుకోక తండ్రి వాక్యం చాటున నిలబడ్డాడు.

ఇప్పటికే గాలానికి చిక్కినవారి సంగతేమిటి? దీనికీ ఆ సరస్సు దగ్గర ఒక పాఠం ఉంది. మిల్ లాక్స్‌లో వాల్‌ఐ చేపలు తగ్గిపోవడంతో, 2016 వేటకాలం మొదలైనప్పుడు, సరదాకు గాలం వేసేవారు పట్టిన ప్రతి వాల్‌ఐని తిరిగి నీటిలో వదలాలని రాష్ట్ర ప్రభుత్వం నియమం పెట్టింది. వారు వాల్‌ఐ కోసం బ్రతికి ఉన్న ఎరను వాడకూడదని, బొమ్మ ఎరనే వాడాలని కూడా ఆదేశించింది. దానికి కారణం ఉంది. నిజమైన ఎరను చేప లోతుగా మింగుతుంది. ముల్లు కడుపులో దిగితే, వదిలిపెట్టినా చాలాసార్లు చేప బ్రతకదు. బొమ్మ ఎర ముల్లు ఎక్కువగా పెదవికే తగులుతుంది. వెంటనే తీసి వదిలితే ఈదుకుంటూ వెళ్ళిపోతుంది.

పాపం విషయంలోనూ అంతే. పెదవి దగ్గర ఉన్న ముల్లును తీయడం తేలిక. అప్పు మొదటిది అయినప్పుడే భార్యతో చెప్పడం, పందెంలో మొదటి వంద పోయినప్పుడే తండ్రితో చెప్పడం, కోడలి మీద మొదటి పరుష వాక్యం పలికిన రాత్రే క్షమాపణ అడగడం, ఆలస్యం చేయకుండా గురువు దగ్గరకు వెళ్ళి పాపసంకీర్తనం చేయడం, ఇవే ముల్లును తీసే చేతులు. సిగ్గుపడి దాచుకున్న ప్రతి నెలా ఆ ముల్లు ఇంకొంచెం లోపలికి దిగుతుంది. అయినా ఎంత లోతుగా దిగినా సరే, మనలను సృష్టించినవాని చేతికి అందనిది లేదు. పేతురు మూడుసార్లు బొంకినా, ఉత్థాన క్రీస్తు అదే సరస్సు ఒడ్డున, మరొక మంట దగ్గర, మూడుసార్లు అతని ప్రేమను అడిగి ఆ ముల్లును తీశాడు. ఎక్కడ పడిపోయాడో అక్కడే, ఆ ప్రేమనే, కాపరి పనికి నియమించాడు.

సైతాను వేటకు, క్రీస్తు వేటకు తేడా ఇక్కడ తెలుస్తుంది. పునీత లూకా సువార్త ఐదవ అధ్యాయంలో ఇకమీదట మనుషులను పట్టేవాడివి అవుతావని ప్రభువు పేతురుతో చెప్పినచోట వాడిన గ్రీకు మాటకు ప్రాణంతో పట్టుకోవడం అని అర్థం. సైతాను ఎర వేసి చంపడానికి పడతాడు. క్రీస్తు బ్రతికించడానికి పడతాడు. సువార్తలలో పేతురు గాలం వేసినది ఒక్కసారే కనబడుతుంది. ఆ చేప నోట దొరికిన నాణెంతో ప్రభువు తన పన్నునూ పేతురు పన్నునూ కలిపి తీర్చాడు. ఆయన చేతిలోని గాలం కూడా ఒకరి బాకీ తీర్చడానికే.

వృద్ధాప్యంలో ఆ పేతురే తన మొదటి లేఖలో, సైతాను సింహంలా ఎవరిని మింగుదునా అని తిరుగుతున్నాడు, మెలకువగా ఉండండి అనే భావంతో విశ్వాసులను హెచ్చరించాడు. తిరుసభ ఆ మాటలను తన రాత్రి జపంలో చదువుతుంది. పొద్దు వాలిన వేళకు ఆ హెచ్చరిక ఎంత తగినదో చూడండి. ఈ వారం ప్రతి సాయంత్రం జపమాల ముగిసిన తరువాత, దీపం ఆర్పక ముందు, ఇంటిల్లిపాదీ రెండు నిమిషాలు మౌనంగా కూర్చోండి. ఈ రోజు నా మంచితనం నన్ను ఎటు నడిపింది అని ఎవరికి వారు ప్రశ్నించుకోండి. చెప్పవలసినది ఉంటే ఆ రాత్రే చెప్పుకోండి, క్షమించవలసినది ఉంటే ఆ రాత్రే క్షమించండి.

చీకటిలోనూ చూడగల కన్నును, ఎరను గుర్తుపట్టే వివేకాన్ని, చిక్కుకున్నప్పుడు ఆయనను కేకవేసే వినయాన్ని మన కుటుంబాలన్నిటికీ దయచేయమని, దేవమాత ప్రార్థనా సహాయంతో, మన ప్రభువైన యేసుక్రీస్తును వేడుకుందాము. ఆమెన్.