దొంగ పడ్డాడంటే అమానతు బాధ్యత తీరిపోతుందా?

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను అరెస్టు చేశారు. దాదాపు 16.8 కోట్ల మంది వ్యక్తిగత వివరాలను వారు అమ్మకానికి పెట్టారని తేలింది. కొద్ది రోజులకే, ఫరీదాబాద్ నుంచి ఇదే వ్యాపారం చేస్తున్న మరొకతని వద్ద 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరాలు దొరికాయని పోలీసులు ప్రకటించారు. 24 రాష్ట్రాల వారు, 8 మహానగరాల వారు అందులో ఉన్నారు. విద్యార్థులు వేరుగా, ఉద్యోగులు వేరుగా, బ్యాంకు ఖాతాదారులు వేరుగా, కిరాణా కొట్టులో డబ్బాలు పేర్చినట్లు పేర్చి పెట్టారు. ఇవన్నీ మీ దగ్గర నుంచి ఎలా బయటికి పోయాయని పోలీసులు పెద్ద పెద్ద కంపెనీలకు, బ్యాంకులకు నోటీసులు పంపవలసి వచ్చింది.

ఇలాంటి సందర్భాల్లో సంస్థల నుంచి సాధారణంగా వినిపించే జవాబు ఒకటే: "దొంగలు దోచుకున్నారు, మేమూ బాధితులమే." ఈ జవాబు ధర్మం దృష్టిలో చెల్లుతుందా?

మన ఫుఖహాలు ఈ ప్రశ్నను వందల ఏళ్ళ క్రితమే చర్చించారు. వాళ్ళ ముందున్నది డేటా కాదు. గుడ్డలు, నగలు, ధాన్యం. ఒకరు పొరుగువారి నగను ఉచితంగా, ఉపకార బుద్ధితో దాచి పెట్టారనుకోండి. దానిని వదీఅ అంటారు. తమ సొమ్మును కాపాడుకున్నంత జాగ్రత్తగా కాపాడినా దొంగ ఎత్తుకుపోతే, వారు పరిహారం చెల్లించనక్కర లేదు. నిర్లక్ష్యం చేస్తేనో, యజమాని అనుమతి లేకుండా ఇంకొకరి చేతికి ఇస్తేనో బాధ్యులవుతారు.

కాని చాకలి, దర్జీ, అద్దకంవాడు కూలి తీసుకుని నలుగురి గుడ్డలూ తన దగ్గర పెట్టుకుంటారు. వారిని అజీర్ ముష్తరక్ అన్నారు. వారి విషయంలో అభిప్రాయ భేదం ఉంది. స్వయంగా తప్పు చేయనిదే బాధ్యత లేదన్నది ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాత్రం ఊరంతా అంటుకున్న అగ్నిప్రమాదం వంటి తప్పించుకోలేని ఆపద అయితే తప్ప బాధ్యత తప్పదన్నారు. ప్రజల సొత్తు భద్రంగా ఉండాలంటే ఇది తప్పదని హజ్రత్ అలీ (రజి) కూడా చేతివృత్తుల వారిని బాధ్యులను చేశారని ఉల్లేఖనాలున్నాయి.

మరి ఈనాటి కంపెనీ ఎవరి కోవకు వస్తుంది? నా దృష్టిలో అది పొరుగింటి ఉపకారి ఎంతమాత్రం కాదు. యాప్ ఉచితమే కావచ్చు. కాని మన వివరాలతోనే దాని వ్యాపారం నడుస్తుంది. లాభం కోసం దాచుకున్నవాడు చాకలి కోవకే చెందుతాడు. కనుక సాహిబైన్ల తీర్పే ఇక్కడ అతుకుతుంది.

అప్పుడు అడగవలసిన ప్రశ్న మారిపోతుంది. దొంగ వచ్చాడా అని కాదు, అది నిజంగా తప్పించుకోలేని ఆపదేనా అని అడగాలి. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టారు. వాళ్ళు గోడలేమీ బద్దలు కొట్టలేదు. రెండు నెలల ముందే సిబ్బందికి మోసపు ఈమెయిళ్ళు పంపారనీ, కొందరు వాటిని తెరవడంతోనే దారి దొరికిందనీ పోలీసుల దర్యాప్తులో తేలింది. భద్రతా నియమాలు సరిగా పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. దీన్ని ఊరంతా అంటుకున్న మంట అనగలమా? గడియ పెట్టని తలుపు అనాలి.

దొంగ ఎప్పుడూ బయటివాడే కానవసరం లేదు. ఈ మాట ముషీరాబాద్, అశోక్‌నగర్, చిక్కడపల్లి వారికి వేరే చెప్పాలా? హాస్టల్ గదుల్లో ఇరుక్కుని, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చుని గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఇక్కడ వేలల్లో ఉన్నారు. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని 2023 మార్చిలో వెల్లడైంది. కమిషన్‌లో పనిచేస్తున్నవారే అరెస్టయ్యారు. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. కమిషన్ కంపెనీ కాదు, నిజమే. కాని తాళం చెవి ఎవరి చేతిలో ఉందో చూసుకోవడం అమానతులో సగం పని. రద్దయిన పరీక్ష కోసం పిల్లలు ధారపోసిన నెలలకు ఎవరు పరిహారం ఇస్తారు?

"మీరే ఒప్పుకున్నారుగా, బటన్ నొక్కారుగా" అనేది కంపెనీల రెండో వాదన. ఒక హదీసు భావం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక మనిషి ఏదైనా మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే, ఆ మాట విన్నవాని దగ్గర అమానతు అయిపోతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరికీ చెప్పవద్దని అతను నోటితో అననే లేదు. ఆ చూపే షరతు. మరి బీమా కోసం తన జబ్బు వివరాలు రాసిచ్చిన రోగి ఉద్దేశం ఏమిటో కంపెనీకి తెలియదా? ఎవరూ చదవని నలభై పేజీల ఒప్పందం చాటున అది దాక్కోజాలదు.

అలాగని వేలు కంపెనీల వైపే చూపిస్తే సరిపోదు. మన వీధిలో జిరాక్స్ దుకాణాలు, సిమ్ కార్డులు అమ్మే కొట్లు, పెళ్ళి సంబంధాలు చూసేవారు ఎందరో ఉన్నారు. ఆధార్ నకళ్ళు, అమ్మాయిల ఫోటోలు, ఫోన్ నంబర్లు వారి ఫోన్లలోనే ఉండిపోతాయి. పని ముగిశాక చెరిపేసేవారు ఎందరు? దర్జీకి వర్తించిన తీర్పు వీరికీ వర్తిస్తుంది.

ఇక పరిహారం విషయం. నగ పోతే దాని ఖరీదు కట్టవచ్చు. డేటా పోయినా యజమాని దగ్గరా ఉంటుంది, దొంగ దగ్గరా ఉంటుంది, పోయింది గోప్యత. దానికి వెల కట్టడం ఎలాగన్నది నేటి ఉలమాలు కూర్చుని తేల్చవలసిన మస్అలా. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల వరకు జరిమానా వేయవచ్చంటోంది. డేటా పోతే బాధితులకు తెలియజేయాలని కూడా అంటోంది. మంచిదే. అయితే ఆ జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. వివరాలు పోగొట్టుకున్న మనిషి హక్కు హుఖూఖుల్ ఇబాద్‌లోనిది. ఖజానాకు కట్టిన రశీదు చూపించి ఆ మనిషి బాకీ తీరిపోయిందని చెప్పడం షరీఅతులో కుదరదు.