సాంబార్లో మాత్ర

సైకియాట్రీ పోస్టింగ్‌కి వచ్చిన ప్రతి నర్సింగ్ బ్యాచ్ చేతా ప్రాసెస్ రికార్డింగ్ రాయిస్తాను. పేజీని నిలువుగా మూడు గళ్ళు చేసి, మొదటి గడిలో పేషెంట్ అన్న మాట, రెండో గడిలో తాము అన్న మాట, మూడో గడిలో ఆ క్షణాన తమ మనసులో మెదిలింది రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి, సొంత కవిత్వం కలపకూడదు. ఈ మధ్య ఒకమ్మాయి పేజీలో ఇలా ఉంది. పేషెంట్: "యేసయ్య రాత్రంతా మాట్లాడుతున్నాడు సిస్టర్. అన్నం ముట్టొద్దంటున్నాడు." స్టూడెంట్: "అదంతా మీ భ్రమండీ. అలాంటిదేం లేదు." మూడో గడిలో పెన్సిల్‌తో, బహుశా చెరిపేద్దామనుకుని మరిచిపోయి: "ప్రభువు తనతో మాట్లాడాడని మా అమ్మ కూడా సాక్ష్యం చెప్తుంది. మరి?"

రెండో గడికి సున్నా వేశాను. మూడో గడికి పదికి పది.

నేను గుంటూరులో ప్రార్థన కూటాల మధ్య పెరిగినదాన్ని. ఎవరో ఒకరు లేచి, ఫలానా రాత్రి దేవుడు నాతో మాట్లాడాడు అనడం, మేమంతా "స్తోత్రం" అనడం నాకు మామూలు. పొద్దున కూటంలో విశ్వాసమైనది మధ్యాహ్నం వార్డులో రోగలక్షణం ఎలా అవుతుంది? నా పక్క కుర్చీలో కూర్చునే ట్యూటర్‌ది కరీంనగర్ వైపు. ఆవిడ ఇదే ప్రశ్నని శివసత్తుల పేరుతో అడుగుతుంది. బోనాలప్పుడు ఒంటి మీదికి అమ్మవారు వచ్చిన ఆడమనిషి కాళ్ళకి జనం నీళ్ళు పోస్తారు. అదే మనిషి అదే మాట అవుట్‌పేషెంట్ గదిలో అంటే కేస్ షీట్‌లో ఇంకో పేరు పడుతుంది.

పాఠ్యపుస్తకం ఈ చిక్కుని ఒక్క షరతుతో దాటేస్తుంది: ఆ మనిషి పుట్టి పెరిగిన సమాజం నమ్మేదాన్ని డెల్యూజన్ అనకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ అవతలి పక్క నుంచి కట్టేసింది. చుట్టూ ఉన్నవాళ్ళ మతవిశ్వాసాలతో సరిపడనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అనడానికి వీల్లేదు. రెండూ మంచి కంచెలే. కానీ కంచె లోపల ఏం చూడాలో అవి చెప్పవు, అది నర్సు నేర్చుకోవాలి.

శివసత్తికి ఒక వేళ ఉంది, డప్పు ఉంది, పట్టుకునేవాళ్ళున్నారు. పూనకం దిగాక ముఖాన పసుపు కడుక్కుంటుంది, మర్నాడు పనికి వెళ్ళే బస్సెక్కుతుంది. మా వార్డులో వినపడే గొంతుకి పండగ లేదు. అది తిడుతుంది, స్నానం చేస్తుంటే వెక్కిరిస్తుంది, నిద్రపోనివ్వదు, కంచం తోసేయమంటుంది. అందుకే పిల్లలకి చెప్తాను: మాట్లాడేది ఎవరన్నది తేల్చే పని మనది కాదు. ఏం చెప్తోంది, చెయ్యమన్నది చెయ్యబుద్ధి అవుతోందా, నిద్రా తిండీ ఎలా ఉన్నాయి, వీటిని అడగండి. చచ్చిపొమ్మంటోందా అని కూడా సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అలా పుట్టదు. అడగకపోతే ఆ రాత్రి డ్యూటీ సిస్టర్‌కి ఏ జాగ్రత్త చెప్పాలో మనకే తెలియదు.

అడగడం సరే, జవాబు మాటేమిటి? వాదించొద్దు, ఒప్పుకోవద్దు అని మేం రెండు నియమాలు నేర్పుతాం. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు, "మరి నిజం ఎప్పుడు చెప్పాలి మేడం?" అంటారు. మా కరీంనగర్ ట్యూటర్ తాడూ పామూ తెస్తుంది. ఇల్యూజన్‌కీ హాలూసినేషన్‌కీ తేడా చెప్పడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ దొరకదు. చీకట్లో తాడుని చూసి పామనుకుంటే మొదటిది. తాడే లేకుండా పాము కనిపిస్తే రెండోది. ఆవిడ అక్కడితో ఆగదు. అద్వైతులు ఆ పాముకి కూడా ఒక రకం ఉనికి ఒప్పుకున్నారని, దాన్ని ప్రాతిభాసికం అన్నారని చెప్తుంది. పాము అబద్ధమే, పట్టిన చెమట అబద్ధం కాదు. పేషెంట్ భయాన్ని కొట్టిపారేయకండి అనడానికి ఇది చక్కగా పనికొస్తుంది.

నా పేచీ తర్వాతి మెట్టు దగ్గర. వేదాంతంలో దీపం తెస్తే పాము పోతుంది. వార్డులో పోదు. రుజువులు చూపిస్తే కదలని నమ్మకాన్నే కదా మనం డెల్యూజన్ అంటున్నది. దీపం తెచ్చినవాడు కూడా పేషెంట్ నమ్మే కుట్రలో మనిషే అవుతాడు.

అందుకని నర్సు చెప్పగల నిజం చాలా చిన్నది. "నాకు ఆ గొంతు వినపడటం లేదమ్మా. మీకు వినపడుతోందని, దానివల్ల మీకు భయంగా ఉందని అర్థమవుతోంది. కాసేపు ఇక్కడే కూర్చుంటాను." ఇందులో దేవుడు లేడనలేదు, ఉన్నాడనీ అనలేదు. నా చెవికి సంబంధించినంత వరకే సాక్ష్యం. విశ్వాసిగా నాకు దీనితో పేచీ లేదు. ఇతరులకి ఏం వినపడాలో నిర్ణయించే అధికారం నాకెవరూ ఇవ్వలేదు.

ఈ చిన్న నిజానికి అసలు పరీక్ష వంటింట్లో జరుగుతుంది. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు కొడుకుని తీసుకొచ్చారు. ఇంట్లో వాళ్ళు అన్నంలో విషం కలుపుతున్నారన్నది ఆ అబ్బాయి నమ్మకం. మాత్ర మింగనంటాడు కాబట్టి తండ్రి దాన్ని పొడి చేసి సాంబార్లో కలుపుతున్నారు. వద్దంటే ఆయన నొచ్చుకున్నారు. "ప్రాణం మీదికొచ్చినప్పుడు బొంకితే పాపం లేదని శుక్రాచార్యుడే చెప్పాడు కదమ్మా. పోతన చదవలేదా?"

చదివాను. ఎక్కడెక్కడ అబద్ధం ఆడొచ్చో శుక్రుడు జాబితా ఇచ్చిన మాట నిజమే. విన్న బలి దాన్ని పాటించలేదన్నదీ నిజమే. కానీ ఆ తండ్రి ముందు బలిచక్రవర్తి గొప్పతనం చెప్పడం దయ అనిపించుకోదు. ఆయన పురాణం దులపడానికి రాలేదు, కొడుకు నిద్రపోవాలని వచ్చారు. అందుకని ఒక్కటే అడిగాను: "సాంబారు అడుగున తెల్ల పొడి బాబు కంటపడితే, మీరు విషం కలుపుతున్నారన్న అతని మాట అబద్ధమని ఎలా చెప్తారు మాస్టారూ?"

మందులు దాచి పెట్టడం ఇంటింటా ఉన్నదే. అలా చేసే తల్లిదండ్రుల్ని తప్పుబట్టే నోరు నాకు లేదు. కానీ ఆ జబ్బులో పోయేది ముందు నమ్మకం. దొంగచాటుగా పెట్టిన మందు మెదడుకి పనిచేస్తూనే నమ్మకాన్ని తినేస్తుంది. వార్డులో పద్ధతి వేరు. స్ట్రిప్ అతని చేతికిచ్చి, మందు పేరు చెప్పి, తననే చింపుకోమంటాం. తిండి దగ్గర తొక్క ఒలవని అరటిపండు, పెంకుతో ఉన్న ఉడకబెట్టిన గుడ్డు, సీలు విప్పని బిస్కెట్ ప్యాకెట్ ఇస్తాం. ప్రాణాపాయం ఉంటే చట్టం అత్యవసర చికిత్సకి 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. అప్పుడు కూడా, "ఇంజెక్షన్ ఇస్తున్నాం, ఇందుకోసం ఇస్తున్నాం" అని చెప్పే ఇస్తాం. బలవంతం బాధాకరమే. కాకపోతే తనకేం జరిగిందో ఆ మనిషికి తెలుస్తుంది.

వైద్యం చేయిస్తూ గుడికి తీసుకెళ్ళొచ్చా అని అడగనివాళ్ళు తక్కువ. కాదనడానికి నాకు కారణం కనపడదు. తమిళనాడులో వేలాయుధంపాళయంపుదూర్ ముత్తుస్వామి గుడిలో కొన్ని వారాలు ఉన్న 31 మందిని పరిశీలించిన వ్యాసం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్ళ లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది. అక్కడ పెద్ద పూజలేం జరగలేదు. ఊడ్చడం, మొక్కలకి నీళ్ళు పోయడం లాంటి చిన్న పనులు, ఆదరించే చోటు, అంతే. అంతకు ముందు ఏడాది ఆగస్టు 6న అదే రాష్ట్రంలో ఎర్వాడి దర్గా దగ్గర ఒక ఆశ్రమం కాలిపోతే, గొలుసులతో కట్టేసినవాళ్ళు పారిపోలేక 28 మంది చనిపోయారు. తేడా దేవుళ్ళది కాదు, గొలుసుది. 2017 చట్టం గొలుసుని ఏ రూపంలోనూ ఒప్పుకోదు.

ఇక ఉపవాసాలు. లిథియం వాడే ఒకావిడ శ్రమకాలంలో (లెంట్) నీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. మిగతా పూట చప్పిడి తిండి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని పట్టి ఉంచుతాయి. రక్తంలో లీటరుకి 1.5 మిల్లీఈక్వివలెంట్లు దాటితే విషమే. చేతులు బాగా వణుకుతాయి, వాంతులు, విరేచనాలు, నడకలో తూలుడు. మంచి రోజుల్లో కూడా 0.6కీ 1.2కీ మధ్య నడిచే సన్నని దారి అది. నేను మానమంటే ఆవిడ వినదు, నన్ను అల్పవిశ్వాసి అంటుంది. ఆవిడ ఒప్పుకున్నాక పాస్టర్‌గారికి ఫోన్ చేశాం. మందు వేసుకునేవాళ్ళు తింటూ కూడా ప్రార్థించవచ్చని ఆయనే స్పీకర్లో చెప్పారు. తర్వాత నన్ను అడిగారు: "ఉప్పు ఎంత వేసుకోవచ్చు సిస్టర్?"

"రోజూ ఇంట్లో వేసుకునేంతేనండీ. పండగని పెంచొద్దు, ప్రార్థనని తగ్గించొద్దు. నీళ్ళు మాత్రం మానొద్దని గట్టిగా చెప్పండి."