హనుమంతుడికీ ఒక జాంబవంతుడు కావాల్సి వచ్చింది

సుందరకాండలో నన్ను ఎప్పుడూ ఆపేసే ఘట్టం ఒకటుంది. లంకంతా వెతికినా సీతమ్మ జాడ లేదు. హనుమంతుడంతటివాడికే 'ఇక బతకడం ఎందుకు' అనిపించింది. వాల్మీకి దాన్ని దాచలేదు. బతికుంటేనే మంచి చూస్తామని తేల్చుకుని స్వామి మళ్ళీ వెతికాడు.

ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో, 2022లో ఆత్మహత్యతో పోయిన ప్రతి 10 మందిలో 7గురు మగవాళ్లే. కారణం ఒక్కటే ఉండదు. కానీ చిన్నప్పటి దెబ్బలు, వేధింపులు, ఇంట్లో హింస, అమ్మనో నాన్ననో కోల్పోవడం పెద్దయ్యాక ఈ ముప్పును పెంచుతాయి. పైగా 'మగాడివి, ఏడుస్తావేంట్రా' అని నోరు నొక్కేస్తాం.

అయినా బాల్యం తలరాత కాదు. చిన్నప్పటి ఋషుల శాపంతో హనుమ తన బలం మరిచాడు. సముద్రం ఒడ్డున మౌనంగా కూర్చున్న ఆయన్ని జాంబవంతుడే పలకరించి గుర్తుచేశాడు. మీ గ్యాంగ్‌లో మౌనంగా ఉన్నవాణ్ణి మీరే పలకరించండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. వాడు చెప్పేది తీర్పులివ్వకుండా వినండి.

ఆ బరువు మీదే అయితే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. సాయం అడగడం భక్తికి లోటు కాదు. జై హనుమాన్!