ఈక చుట్టిన గాలము

ధ్యానింపవలసిన భాగములు: అపొ. కార్యములు 17:1–12, 1 థెస్సలొనీకయులకు 2:1–8, యాకోబు 1:13–15



మన చెరువులలో గాలము వేయువారు దానికి వానపామును గ్రుచ్చుదురు. ట్రౌట్ అను చేపకు వేరొక పద్ధతి కలదు. అది చల్లని తేటనీటిలో బ్రదుకుచు, నీటిమీద వ్రాలు ఈగలను పైకి లేచి పట్టి తినును. కాబట్టి దానిని పట్టువారు ఈకలతోను ఉన్నితోను ఈగను పోలిన బొమ్మను గాలమునకే కట్టుదురు. ఆంగ్లేయుల కాలములో ఈ చేపలను నీలగిరి కొండలకు తెచ్చిరి. కొన్ని యేండ్ల క్రిందట కాపరుల కూటమునకై అక్కడికి వెళ్లినప్పుడు, ఆ కొండలలో స్థిరపడిన వృద్ధ తెలుగు సహోదరుడొకడు ఈ పని మాకు నేర్పెను.

ముందు గాలమును చిన్న ఇనుప పట్టకారులో కదలకుండ బిగింపవలెను. మైనము పూసిన సన్నని దారమును గాలపు కంటికి కొంచెము వెనుకనుండి వంపువరకు బిగువుగా చుట్టవలెను. అక్కడ తోకగా నాలుగైదు ఈక పోగులు కట్టి, దేహముగా ఉన్ని చుట్టుకొని రావలెను. చివరకు పుంజు మెడ ఈకను కంటివెనుక రెండు మూడు చుట్లు త్రిప్పినయెడల పోగులు విచ్చుకొని కాళ్లును రెక్కలును వలె నిలుచును. పిమ్మట దారము ముడివేసి కోయుదురు. క్రొత్తవారందరు చేయు తప్పు ఒకటే: కంటియొద్ద చోటు విడువరు. మేము కట్టిన మొదటి మూడింటికిని కన్ను మూసుకొనిపోయెను. “అయ్యగారూ, ఈగ చక్కగానే యున్నది గాని త్రాడు ఎక్కడ కట్టుదురు?” అని ఆ పెద్దాయన నవ్వెను.

ఈ విద్య బహు పాతది. క్రీ.శ. 200 ప్రాంతమున ఏలియన్ అను రోమీయుడు గ్రీకు భాషలో జంతువులను గూర్చి గ్రంథము వ్రాసెను. మాసిదోనియ జాలరులు గాలమునకు ఎఱ్ఱ ఉన్ని చుట్టి, పుంజు గడ్డము క్రింద మొలచు మైనపు వన్నె ఈకలు రెండు దానికి కట్టుదురని అందులో చెప్పెను. కఱ్ఱ ఆరడుగులు, త్రాడును ఆరడుగులే. నిజమైన ఈగను వారు వాడకపోవుటకు కారణమేమనగా, మనుష్యుని చేయి తగులగానే దాని రంగు చెడి రెక్కలు వాడిపోవునట. ఆ యేరు ఎక్కడనున్నదో చదివి మేము నిలిచిపోతిమి. అది బెరయకును థెస్సలొనీకకును నడుమనే! సహోదరులు పౌలును సీలను రాత్రివేళ తప్పించి పంపినది ఆ ప్రాంతమునకే.

పౌలు అట్టి జాలరులను చూచెనో లేదో వాక్యము చెప్పదు. అయితే ఆ థెస్సలొనీకవారికే అతడు వ్రాయుచు, తన బోధలో కపటము లేదని చెప్పెను. అచ్చట వాడిన ‘దోలొస్’ అను గ్రీకు మాటను ప్రాచీన కవియైన హోమరు చేపల ఎరకు వాడెను. శోధనలో మనుష్యుడు మరులుకొల్పబడుటను గూర్చి యాకోబు వ్రాసిన మాటయు ఎర అను పదమునుండి పుట్టినదే. చేపలకు ఈక కట్టువానిని మేము తప్పుపట్టము. పేతురును ఒకమారు ప్రభువు మాటచొప్పున గాలము వేసెను. మనుష్యుల విషయమో?

ఒక క్రిస్మసుకు ముందు మేమును పెద్దలును కలిసి ప్రక్క పల్లెలో, కూటమునకు వచ్చినవారికి దుప్పట్లు ఇత్తుమని చాటించితిమి. పాక నిండిపోయెను. ఆ లెక్కను సంతోషముతో పైవారికి వ్రాసి పంపితిమి. మరుసటి ఆదివారము ఒక్క అవ్వ మాత్రమే వచ్చెను. “దుప్పటి చాలలేదా అమ్మా?” అని అడిగితిమి. అట్లడుగుట మాకే సిగ్గు. ఆమె, “నాకు దుప్పటి అందనేలేదు అయ్యగారూ. ఆ దినమున మీరు చెప్పిన ఆయన సంగతి సగములో ఆగెను. మిగిలినది వినవలెనని వచ్చితిని” అనెను.

చలికి వణకువానికి దుప్పటి ఇయ్యవలసినదే. దానిని గాలమునకు చుట్టుటయే మా తప్పు. ప్రభువు తన్ను వెంబడింప వచ్చినవారితో సిలువను దాచలేదు, ముందే లెక్క చూచుకొనుమనెను. పౌలైతే సువార్తతోకూడ తన ప్రాణమునైనను ఇచ్చుటకు సిద్ధపడెను.

ఈ యేడు దుప్పట్లను డిసెంబరు మొదటి వారములోనే, కూటము మాట యెత్తకుండ, ఇంటింటికి మోసికొనిపోయి ఇత్తుమని పెద్దలయెదుట పెట్టితిమి. “అట్లయితే పండుగకు ఎవరు వత్తురు అయ్యగారూ?” అని ఒకరు అడిగిరి. మాయొద్ద జవాబు లేకపోయెను. అవ్వ మాత్రము తన చాప తెచ్చుకొందునని చెప్పినది.