ఫ్రాంక్‌ఫర్ట్ తీర్పు, జాఫ్నా ప్రశ్న

పరదేశంలో జరిగిన ఘోరాన్ని మరో దేశపు కోర్టు విచారించవచ్చునా? ఘుబ్రాలో శుక్రవారం సాయంత్రాలు కలుసుకునే మా వైద్యమిత్రుల మధ్య ఈ ప్రశ్న వచ్చింది. 2025 జూన్‌లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఒక సిరియా డాక్టరుకు యావజ్జీవశిక్ష వేసింది. 2011, 2012లలో సిరియా సైనిక ఆసుపత్రుల్లో ఖైదీలను చిత్రహింసలు పెట్టాడనీ, ఇద్దరిని చంపాడనీ రుజువైంది. నేరం జరిగింది సిరియాలో. నిందితుడూ, బాధితులూ సిరియావారే. అయినా జర్మనీ 2002లో చేసుకున్న చట్టం ప్రకారం విచారణ మూడేళ్ళకు పైగా సాగింది.

సబబే అన్నాం అందరం. వైద్యం చేయవలసిన చేత్తో హింసించినవాణ్ణి ఎక్కడ దాక్కున్నా వదలకూడదు గదా!

శ్రీలంక తమిళ సహోద్యోగి ఒకరు మెల్లిగా అడిగారు: "మరి జాఫ్నా ఆసుపత్రి మాటేమిటండీ?"

మాకు నోట మాట రాలేదు.

1987 అక్టోబరు 21, దీపావళి రోజు. శాంతి నెలకొల్పడానికని వెళ్ళిన మన సైన్యం ఆ ఆసుపత్రిలో ప్రవేశించింది. మర్నాటికి 60 మందికి పైగా రోగులు, డాక్టర్లు, నర్సులు, సిబ్బంది చనిపోయారు. పిల్లల డాక్టరొకరు చేతులెత్తి వస్తుండగా కాల్చారని బతికినవారు చెప్పారు. పులులు లోపలినుంచి కాల్చారనీ, ఎదురుకాల్పుల్లో పోయారనీ మనవారన్నారు. ఏది నిజమో తేల్చవలసింది న్యాయస్థానం. ఆ విచారణ జరగనే లేదు.

చట్టం లేక కాదు. భారతీయుడు విదేశంలో చేసిన నేరాన్ని స్వదేశంలో చేసినట్టే విచారించవచ్చని నాటి శిక్షాస్మృతి నాలుగో సెక్షను చెప్పింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన న్యాయ సంహితదీ అదే మాట. దేశం బయట సైనికుడు చేసిన హత్యను విచారించే అధికారం 1950 నాటి చట్టం సైనిక న్యాయస్థానానికిచ్చింది. దేశాల మధ్య యుద్ధాల్లో జరిగే ఘోరాలకు 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టముంది. నేరం ఎవరు, ఎక్కడ చేసినా అది వర్తిస్తుంది. అయితే ఫిర్యాదు ప్రభుత్వం తరఫునే రావాలి.

"విచారణలు పెడితే సైనికుల ధైర్యం చెడదా?" అన్నారు మాలో ఒకరు. రోగి ఆపరేషను బల్లమీద పోతే మేము కూర్చుని కారణం వెదుకుతాం. అందుకని ఏ సర్జనూ కత్తి పట్టడం మానలేదు. తప్పు చేయనివాడికి ఆ సమీక్షే రక్ష.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పరాయివాడి నేరానికి తలూపడం తేలిక. ఫ్రాంక్‌ఫర్ట్ తీర్పును మెచ్చుకున్న నోటితోనే జాఫ్నా సంగతి మన ప్రభుత్వాన్ని అడగాలి. ఆనాడు ఆ సహోద్యోగికి చెప్పలేకపోయిన జవాబు ఇదే.