శాంతి అంటే సద్దుమణగడమేనా?

ఏటా మార్చి 20న మనం మహాడ్ చవ్‌దార్ చెరువును తలచుకుంటాం. 1927లో ఆ రోజున బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిలితో తాగారు. న్యాయ పోరాటంలో అదొక మైలురాయి అంటే అందరూ ఒప్పుకుంటారు. శాంతి చరిత్రలోనూ దానికి చోటుందని మేము అంటే మాత్రం కొందరు సందేహిస్తారు. "ఆ రోజు జరిగింది గొడవే కదా" అంటారు.

నీటి తగాదాలో శాంతి అనగానే బౌద్ధులకు రోహిణీ నది గుర్తొస్తుంది. పొలాల నీటి కోసం శాక్యులూ కోలియులూ ఆయుధాలు పట్టినప్పుడు, నీటి విలువ ఎక్కువా, మనుషుల నెత్తుటి విలువ ఎక్కువా అని బుద్ధుడు అడిగినట్టు సంప్రదాయం చెబుతుంది. అక్కడ రెండు పక్షాలకూ నదిలో వాటా ఉంది. కనుక ఆగమన్న మాట ఇద్దరికీ సమానంగా వర్తించింది.

మహాడ్‌లో ఒక పక్షానికి అసలు వాటాయే లేదు. పశువులు తాగే నీళ్లను మనుషులు ముట్టకూడదన్నారు. ప్రజల సొమ్ముతో నడిచే బావులూ నీటి వనరులూ అందరివీ అని 1923లోనే బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే తీర్మానాన్ని ఆమోదించింది. అది కాగితం మీదే ఉండిపోయింది. అలాంటి చోట ఇద్దరినీ ఊరుకోమనడం, చెరువును గుప్పిట్లో పెట్టుకున్నవాడి పక్షం వహించడమే.

ఆ రోజు భోజనాలు చేస్తున్న ప్రతినిధుల మీద దాడి జరిగింది. వారిలో మాజీ సైనికులూ ఉన్నారు. తిరిగి కొట్టగలిగి కూడా అంబేడ్కర్ మాట విని సహనం పాటించారు. డిసెంబరులో మళ్లీ చెరువుకు బయలుదేరబోతే కోర్టు తాత్కాలిక ఉత్తర్వు అడ్డొచ్చింది. వేలమంది వచ్చి ఉన్నా ఆగారు. వ్యాజ్యం తొమ్మిదేళ్లకు పైగా నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. వాళ్లు హక్కును వదల్లేదు, పగనూ పెంచుకోలేదు. మైత్రి అంటే మాకు అర్థమైనది ఇదే.

ఇది మాకు పాత కథ కాదు. న్యాయశాస్త్రం చదివి పల్లెల్లో పనిచేసే మమ్మల్నే, దెబ్బలు తిన్న కుటుంబం చేత రాజీ కాగితం మీద సంతకం పెట్టించమని పెద్దలు అడుగుతుంటారు. "ఊరు ప్రశాంతంగా ఉండాలి కదా" అంటారు. ఒకసారి మేమూ తల ఊపాం. ఊరు సద్దుమణిగింది. ఆ కుటుంబం ఊరు వదిలిపోయింది. దాన్ని శాంతి అని ఇప్పటికీ అనలేకపోతున్నాం.

అందుకే మార్చి 20తో పాటు మార్చి 17ను కూడా గుర్తుపెట్టుకుందాం. ధైర్యానికి ఒక రోజు చాలింది, న్యాయానికి పదేళ్లు పట్టింది. ఇకపై ఎవరైనా రాజీ మాట ఎత్తితే ముందుగా ఒకటి అడుగుదాం: ఇక్కడ ఇద్దరికీ నీటిలో వాటా ఉందా?