స్టీరింగ్ పట్టినప్పుడూ ధమ్మమే

 

లారీ నడిపే తమ్ముడొకడు పౌర్ణమి నాడు విహారానికొచ్చి అడిగాడు: "భంతే, చీకటి పడే వేళ నల్లమల రోడ్డు మీద దుప్పి అడ్డమొచ్చింది. ఫుల్ లోడు. బ్రేకేసినా బండి ఆగలేదు. పక్కకు తిప్పితే బోల్తానే. నా మొదటి శీలం తప్పిందా?"

తప్పలేదు. చూపులేని చక్ఖుపాల థేరుని కాళ్లకింద పురుగులు చచ్చాయి. చంపే తలంపు లేదు గనుక దోషం లేదన్నాడు బుద్ధుడు. పూజలు, పరిహారాలు అక్కర్లేదు.

కానీ అప్రమాదమూ ధమ్మమే. లైటు పడే దూరంలో ఆగలేనంత స్పీడు, నిద్ర కళ్లు మన చేతిలోవి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేది మూగజీవాల కోసమే. "తెల్లారేసరికి లోడు దించాల్సిందే" అనే ఓనరుకూ ఈ శీలం వర్తిస్తుంది.

అడవిలో నెమ్మదిగా పోదాం.

భవతు సబ్బ మంగళం!